మనవాడేనా

“మీ భాషవాడే, రంగనాథ్ జీ. మాట్లాడి చూడండి. మీరు సరేనంటే పై గది ఇచ్చేస్తాను,” అన్నాడు ఇంటి యజమాని మల్హోత్రా హిందీలో.

కింది వాటాలో పదిహేనేళ్లుగా అద్దెకుంటున్న రంగనాథ్ గుమ్మంలోకి వచ్చాడు.

“ఏ ఊరు బాబూ?”

తెలుగు చెవిన పడగానే సాకేత్ బ్యాగు కింద పెట్టాడు. కోచింగ్‌ కోసం ఢిల్లీ వచ్చి, పొద్దుటి నుంచి ఓల్డ్ రాజిందర్ నగర్‌లో పది ఇళ్లు తిరిగాడు. పది చోట్లా “మద్రాసీలకు ఇవ్వం” అన్నారు.

“తెనాలి దగ్గర పల్లెటూరండి.”

“ఇంటిపేరు?”

సాకేత్ చెప్పాడు. దాన్నిబట్టి రంగనాథ్‌కు ఏమీ తేలలేదు.

“ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు? రామాలయం వైపా, చర్చి వైపా?”



“చర్చి వైపండి.”

రంగనాథ్ మల్హోత్రా వైపు తిరిగాడు. “వద్దులెండి. మావాడు కాదు.”

“అదేంటి? ఇద్దరూ మద్రాసీలేగా,” అన్నాడు మల్హోత్రా.

రంగనాథ్ లోపలికి వెళ్లబోయాడు. సాకేత్ బ్యాగు మళ్లీ భుజానికి తగిలించుకున్నాడు.

“పది ఇళ్లలోనూ నన్ను మద్రాసీ అనే అనుకున్నారండి. నేనెవరో కనుక్కున్నది మీరొక్కరే.”