ఖాళీ పాల కవర్లు

“ఖాళీ కవర్లు ఏరడానికి ఒక వ్యాను, ఒక డ్రైవరు, పైగా నువ్వు,” అన్నాడు తిరువేంగడం, కారు పెరంబూరు సందులోకి తిరుగుతుంటే. “భూమిని కాపాడదాం, కాదనను. ముందు కంపెనీ బతకాలి కదా గిరీ.”

తిరువేంగడం పాల కంపెనీలో గిరి ఉద్యోగమే ఈ ఖాళీ కవర్ల పథకం. ఖాళీ కవరు తెచ్చిస్తే కూపను ఇస్తారు, కూపను చూపిస్తే తర్వాతి పాలు కాస్త చవక. పథకం మూస్తే తననూ మూసేసినట్టే. అందుకే యజమానిని బతిమాలి, ఒక్క ఇల్లు చూడమని తీసుకొచ్చాడు. కవర్లు తిరిగిచ్చేవాళ్లు మన పాలు వదిలి ఎక్కడికీ పోరని దారిపొడుగునా నచ్చజెప్పాడు. అందుకు సాక్ష్యం పంకజం. ఊరు మొత్తమ్మీద ఆమె ఇచ్చినన్ని కవర్లు ఇంకెవరూ ఇవ్వలేదు.

పంకజం గుమ్మంలోనే ఎదురొచ్చింది. వరండా నిండా కడిగి ఆరేసిన కవర్లు. కొన్ని కత్తెరతో కోసినవి, కొన్ని పళ్లతో కొరికినవి. ఇంట్లో చాలామందే ఉన్నారు కాబోలు అనుకున్నాడు గిరి. తీరా అడిగితే తనూ, సెల్వీ, అంతేనట.

“సెల్వి కోసరమే సార్ ఇదంతా,” అంది పంకజం. “పోయిన సంవత్సరం దానికి కడుపుకు ఆపరేషన్ చేసినారు. ప్లాస్టిక్ వల్లనేనని డాక్టరు చెప్పినాడు. బతుకుతుందనుకోలా. బయట తిరిగేది కూడా మాన్పించేసినా. అప్పట్నుంచి యాడ కవరు కంటబడినా వదిలేది లేదు.” చెబుతుంటే ఆమె కళ్లు చెమర్చాయి.

ఈ రోజుల్లో ఉప్పులోనూ నీళ్లలోనూ ప్లాస్టిక్కేనని తిరువేంగడం నిట్టూర్చాడు. ఆ పిల్ల ఎలా ఉందోనని గిరి లోపలికి తొంగిచూశాడు.

పంకజం లోపలికెళ్లి కాఫీ తెచ్చింది. ఒక్క గుటక వేసి తిరువేంగడం కళ్లు మూసుకున్నాడు. అబ్బ, ఏం చిక్కదనం!

“నీళ్లు కలపలేదా అమ్మా?”

“చుక్క కలపలా సార్. పొద్దుటి పాలే.”

“చూశావా గిరీ, మన సరుకు,” అన్నాడు మీసం తుడుచుకుంటూ.

ఇదే అదనని గిరి కూపన్ల సంగతి బయటపెట్టాడు. ఇన్ని కవర్లు ఇచ్చిన మనిషి ఇంతవరకూ ఒక్క కూపనూ వాడుకోలేదు. అవి తనకెందుకని పంకజం నవ్వేసింది. కంపెనీకి ఖర్చులేని పుణ్యం అని గిరి అనేసరికి యజమాని ముఖం వెలిగిపోయింది. పథకం ఆపేది లేదన్నాడు. పంకజం ఫోటో ప్రతి కవరు మీదా పడాలన్నాడు, దాని కింద ‘మా ఇంట్లో ఈ పాలే’ అని అచ్చు వేయించమన్నాడు. గిరికి పోయిన ప్రాణం లేచొచ్చింది. గబగబా ఫోను తీశాడు.

“సెల్వి లేకుండా నేనొక్కదాన్నేనా సార్?”

“భలేదానివే. పిలువమ్మా దాన్ని కూడా.”

పంకజం కొంగు సర్దుకుని, వెనక తలుపు వైపు తిరిగి “సెల్వీ” అని కేకేసింది.

పెరట్లోంచి “అంబా” అని బదులొచ్చింది.