మాట ఆపొద్దు

మార్కాపురం బట్టల గోడౌన్‌లో ఫైర్ అలారం మోగేసరికి ఆదివారం డ్యూటీలో ఉన్నది ఇద్దరే: ప్రకాష్, నాగవేణి.

"అలారంలో మళ్లీ బల్లి దూరింటాది. చూసొస్తానక్కా," అన్నాడు ప్రకాష్.

"ఒక్కడివే పోతాండావు, నాకు ఫోన్ చేసుకొని పో, కట్ చెయ్యాకు. నేను గేటుకాడ ఉంటా. మాట మాత్రం ఆపొద్దు."

"ఏం మాట్లాడేదక్కా?"

"రాచర్లకు పెళ్లిచూపులకు పోయినావు గదా, ఆ ముచ్చట చెప్పు."

ప్రకాష్ నవ్వుకుంటూ మెట్లెక్కాడు. "మైసూరుపాకు పెట్టినారు. బాగుండె."

"పిల్లను చూసినావా, పళ్లెంనే చూసినావా?"

"రెండూ చూసినాలే."

ఈ అక్కకు ఎప్పుడూ పరాచికాలే అనుకుంటూ అతను పైగది తలుపుకు చెయ్యి ఆనించి, ఠక్కున వెనక్కి లాక్కున్నాడు. వంగి తలుపు కింది సందులోకి చూశాడు.

"ప్రకాషూ! పలకరా!"

"తలుపు కాలిపోతాందక్కా. సందులోంచి పొగ వస్తాంది."

"తెరవాకు! దిగొచ్చెయ్. ఫైరింజనుకు నేను చెప్తా."

అతను పరుగున గేటు చేరేసరికి ఆమె ఫైర్ స్టేషన్‌కు దారి చెబుతోంది. రెండు చేతుల్లో రెండు ఫోన్లు, ఒకదాంట్లో ప్రకాష్ కాల్ ఇంకా కట్ కాలేదు. ఆమె ఇందాకటి నుంచి విన్నది పెళ్లికబుర్లు కాదని, తన గొంతునని ప్రకాష్‌కు అప్పుడు తెలిసింది.

"నువ్వు పలకని ఆ కాసేపు నా పానం నాకాడ లేదురా," అంటూ నాగవేణి అతని వీపు మీద ఒక్కటి వేసింది.