పదిహేడో నంబరు రాత

ఉంగరం మీద గీత పడలేదు.

మెషిన్లోంచి పడే నీలం కాంతి చుక్క మిణుగురులా గుండ్రంగా తిరిగింది, ఆగింది. భార్య వేలి నుంచి తీసి పెట్టిన వెండి ఉంగరం ఎప్పటిలాగే మెరుస్తూ కూర్చుంది.

"ఇది చెక్కకీ తోలుకీ అయితే భేషుగ్గా చేస్తుంది సార్. లోహం దీనికి లొంగదు," అంది మెషిన్ల షాపు అమ్మాయి.

"ముందే చెప్పొద్దూ?" అన్నాడు పేర్లు చెక్కేవాడు.

"చెప్పింది. మీరు వింటేగా," అంది అతని భార్య.

ముప్పై ఏళ్లుగా మార్కెట్ మెట్ల కింద బల్ల వేసుకుని ఉంగరాల మీద, పెన్నుల మీద, గడియారాల వెనక పేర్లు చెక్కాడతను. ఐదో తరగతితో బడి వదిలేసినవాడికి అక్షరాలే అన్నం పెట్టాయి. ఈమధ్య కుడిచెయ్యి వణుకుతోంది. పోయిన నెల ఓ పెళ్లికూతురి ఉంగరం మీద ఉలి జారి, పేరుకు అడ్డంగా గీత పడింది. ఆ కబురు మార్కెట్టంతా పాకింది. ముప్పై ఏళ్ల పేర్లు లోకానికి గుర్తుండవు, ఒక్క గీత గుర్తుంటుంది.

ఇవాళ మెషిన్ కుదరకపోతే బల్ల ఎత్తేయాల్సిందే. మెట్ల కింద చోటు కోసం గొడుగులు బాగుచేసేవాడు అప్పుడే కొలతలు కూడా తీసుకున్నాడు.

బయట వాన. అద్దాల మీద నీళ్లు జారుతుంటే షాపులో వెలుతురంతా మెల్లగా కదులుతోంది. కాలిన చెక్క పొగ సన్నగా లేచి, దారి తప్పినట్టు పైకప్పు కింద తిరుగుతోంది.

రెండో మెషిన్ లోహం మీద చక్కగా రాసింది.

"ఎత్తి చూడండి," అంది భార్య.

ఎత్తలేకపోయాడు.

"దీన్ని మోయాలంటే నేను ఇంకో మొగుణ్ణి వెతుక్కోవాలి."

అమ్మాయి నవ్వు ఆపుకుంటూ మూడోది తెచ్చింది. పాలపొడి డబ్బా అంత ఉంది. చెక్కకి ఒక కాంతి, లోహానికి ఇంకో కాంతి. ఫోన్లో పేరు కొడితే చాలు. సంచిలో పడుతుంది.

"ఏ రాత పెట్టమంటారు సార్? ఇరవై రకాలున్నాయి."

ఫోన్లో ఒక్కొక్కటీ జరిపి చూపించింది.

"ఇవి అక్షరాలా, ఇస్త్రీ బట్టలా?" అన్నాడతను.

పదిహేడో నంబరు దగ్గర అతను ముందుకు వంగాడు. అక్కడ అక్షరాలు నిలబడి లేవు, నడుస్తున్నాయి.

"దీంతో మా ఆవిడ పేరు పెట్టమ్మా."

అమ్మాయి మెషిన్ మీది ఆకుపచ్చ అద్దం మూత దించింది. మూతలోంచి చూస్తే ఉంగరం నీళ్ల అడుగున ఉన్నట్టుంది. పేరు ఒక్కో అక్షరమే తేలి వచ్చింది.

"ఆ పదిహేడు వద్దు బాబూ."

మూల స్టూలు మీద ఓ ముసలాయన, తడిసిన కోటుతో, చేతులు రెండూ చంకల్లో దోపుకుని కూర్చున్నాడు. వానకి తలదాచుకున్న మనిషనుకున్నాడతను.

"ఎందుకొద్దు?"

"కొమ్ము చివర చూడు. ఊగింది. తలకట్టూ అంతే, కుదురు లేదు."

చూశాడు. నిజమే. వెంట్రుకవాసి ఊగింది.

"ఊగితే ఏం? ప్రాణం ఉన్నదే అక్కడ! మిగతా పంతొమ్మిదీ శవాల్లా పడుకున్నాయి. ఇదొక్కటే మనిషి రాసినట్టుంది."

"ఆ మనిషికి చేతకాక అలా వచ్చిందేమో."

"చేతకానివాడు ఇలా రాయలేడు పెద్దాయనా. కొమ్ము ఊగినా అక్షరం బరువు ఎక్కడా తప్పలేదు. ముప్పై ఏళ్లుగా ఇదే పని నాది. నాకు చెప్పొచ్చావు!"

భార్య మోచేత్తో పొడిచింది. "ఏమండీ, పెద్దవారు."

"పెద్దవారైతే? వానకి లోపలికొచ్చిన ప్రతివాడూ అక్షరాల పండితుడే!"

ముసలాయనకు కోపం రాలేదు. లేచి వచ్చి, ఆకుపచ్చ మూతలోంచి ఉంగరాన్ని చాలాసేపు చూశాడు. నిద్రలో ఎవరో పిలుస్తుంటే వింటున్నవాడిలా ఉంది ముఖం.

"నీ రాత ఓసారి కాగితం మీద చూపిస్తావా బాబూ?"

అతను కుడిచెయ్యి జేబులో పెట్టేసుకున్నాడు.

"నా చెయ్యి రాతకి పనికొస్తే ఈ డబ్బా కోసం ఎందుకొస్తాను?"

"ఊగుతుందా?"

"ఊగితే నీకెందుకు?"

ముసలాయన తల ఊపాడు.

"అయితే ఇదే తీసుకో. పదిహేడే పెట్టు," అంటూ తలుపు తీసుకుని వానలోకి వెళ్లిపోయాడు. అద్దం మీది నీళ్లలో ఆయన ఆకారం కాసేపు వంకర్లు తిరిగి, కరిగిపోయింది.

"ఇందాక వద్దన్నాడు, ఇప్పుడు ఇదే పెట్టమంటాడు. తిక్క మనిషి."

"మీకంటేనా?" అంది భార్య ఉంగరం తొడుక్కుంటూ. వేలు వెలుతురులోకి తిప్పి చూసుకుంది. "ఇది అచ్చం మీరు రాసినట్టే ఉందండీ."

"చెయ్యి బాగున్నప్పటిలాగా?"

"కాదు. ఇప్పటిలాగా."

అతను ఆమె వేలు పట్టుకుని కొమ్ము చివర మళ్లీ చూశాడు.

"వెళ్లి ఆ పెద్దాయన్ని పిలవండి. తడిసిపోతున్నారు పాపం. మన గొడుగైనా ఇద్దాం."

గొణుక్కుంటూనే గొడుగు తీసుకుని తలుపు దాకా వెళ్లాడు. వీధి ఖాళీ. ఈ చివర నుంచి ఆ చివరకి వాన ఒక్కటే నడుస్తోంది.

వెనక్కి వచ్చి అడిగాడు. "ఎవరమ్మా ఆయన?"

మెషిన్‌ను పెట్టెలో సర్దుతున్న అమ్మాయి తలెత్తింది.

"ఆ పదిహేడు ఆయన రాసిందే సార్, చెయ్యి వణకడం మొదలయ్యాక రాశారట, చూస్తే సిగ్గేస్తోంది, మెషిన్లోంచి తీసేయండని కంపెనీకి ఉత్తరం రాసి వారం వారం ఇక్కడిచ్చి వెళ్తారు, ఇవాళ మాత్రం ఇవ్వకుండానే వెళ్లిపోయారు."