మన మనిషి

వాగు దాటుతుండగా వెంకటరామారావు కారు ఇసుకలో కూరుకుపోయింది.

ఆయన దిగలేదు. దిగితే ఆ తెల్ల పంచె గతేం కావాలి? ఇవాళ దానికి చాలా పనుంది. మధ్యాహ్నం మూడింటితో నామినేషన్లు వెనక్కి తీసుకునే గడువు ముగుస్తుంది. సాయంత్రం గుర్తులిస్తారు. ఆ తర్వాత ఊరేగింపు. ముందు నడిచేది ఆయనే.

నిజానికి పోటీలో ఉన్నది ఆయన కాదు. ఉండలేడు కూడా. రేగులగుంపు ఏజెన్సీ ఊరు, సర్పంచి కుర్చీ గిరిజనులకే. అయినా ఇన్నేళ్లుగా ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా ఆయన చెప్పినట్టే లేచారు, ఆయన చెప్పినట్టే కూర్చున్నారు. వాళ్ల తాత కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పాగా వేశాడు. వాళ్ల జామాయిల్ తోటల్లో సగం, కాగితాల మీద ఇప్పటికీ కోయవాళ్ల భూములే.

ఈసారి కన్నమ్మ అనే ఆమె అడ్డం తిరిగింది. గెలిస్తే మొదటి గ్రామసభలోనే ఆ భూముల సంగతి తేలుస్తానని ఇల్లిల్లూ తిరుగుతోంది. ఆమె మీద దుర్గ అనే కూలి మనిషిని నిలబెట్టించాడు వెంకటరామారావు. ఇక మూడో మనిషి లేరు.

"వాగు మీద వంతెన ఏపిస్తరని చెప్తే ఒప్పుకున్నది సార్" అన్నాడు ఆమెతో నామినేషన్ వేయించిన ఆయన అనుచరుడు మంగీలాల్.

"చెప్పు, చెప్పు. చెప్పడానికేం పోయింది!" అని అప్పుడు ఖమ్మంలో కూర్చుని ఫోన్‌లోనే నవ్వాడాయన.

చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి కానీ కారు కదలడం లేదు. పత్తి చేలోంచి ఒకామె గబగబా వచ్చి, కారును చూసి ఆగింది.

"ఏయ్, ఇటు రా! చూస్తా నిలబడ్డావేంటి? నెట్టు."

"అయ్యా, నేను..."

"నీ గోడు తర్వాత. ముందు నెట్టు."

ఆమె కొమ్మలు విరిచి చక్రాల కింద వేసింది. వెనక్కి పోయి భుజం ఆనించింది. డ్రైవరు గేరు మార్చి మార్చి ఎలాగో కారును ఒడ్డెక్కించాడు. బురదంతా ఆమె చీర మీద పడింది.

పంచె మడత నలగనందుకు వెంకటరామారావు చాలా సంతోషించాడు.

"బస్సు పోయిందయ్యా. నన్ను గూడ ఆఫీసు కాడ దించున్రి. మూడు గొట్టకముందే పోవాలె."

"ఈ బురదతోనా? సీటు కవర్లు నిన్ననే వేయించా."

"ఎనక డిక్కీల కూసుంట."

"డిక్కీలో పూలదండలున్నాయి, నలిగి చస్తాయి. అయినా నీకు ఆఫీసులో ఏం పని? పింఛనా?"

"పిల్చిన్రు. పనుంది."

కారు కదలబోతుండగా ఆయనకు ఒక సంగతి గుర్తొచ్చింది. ఈమెకూ ఓటుంటుంది. వెంటనే మొహాన నవ్వు పులుముకుని ఒక కరపత్రం అందించాడు.

"చదువు రాకపోతే నా ఫోటో చూడు. ఓటు మాత్రం మన మనిషికే."

కరపత్రం నిండా ఆయన ఫోటోనే. దుర్గ ఫోటోకు జాగా మిగల్లేదు. పేరు మాత్రం అడుగున ఒక మూల ఉంది.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈమె గెలిస్తే మా ఊరికేం జేస్తదయ్యా?"

"ఆమె చేసేదేంటే? నేను చూపించిన చోట సంతకం పెడుతుంది. పని తీరాక మళ్లీ పత్తి ఏరుకుంటుంది."

"మరి వంతెన ఏపిస్తరంట గద?"

ఆయన పకపకా నవ్వాడు. "వంతెనా! ఓట్లప్పుడు అలాంటివి సవాలక్ష చెబుతాం. ఆ మొద్దు నమ్మింది, నువ్వూ నమ్ముతావా?"

"అవ్" అందామె. కరపత్రం మడిచి బొడ్లో దోపుకుంది.

సరేనందని ఆయన అనుకున్నాడు. వీళ్లు "అవ్" అంటే తమకు దండం పెట్టినట్టేనని అనుకునే ఘనులు ఈ అడవి అంచున చాలామందే ఉన్నారు.

దారిలో తెలిసినవాళ్లింట్లో నాటుకోడి కూరతో భోంచేసి, తీరిగ్గా నామినేషన్ల ఆఫీసు చేరాడు. ఎదుట షామియానాలో డప్పులవాళ్లు సిద్ధంగా ఉన్నారు. ఆయన నడిమధ్య కుర్చీ వేయించుకున్నాడు.

"మన మనిషి వచ్చిందా?"

"లోపలున్నది సార్" అన్నాడు మంగీలాల్. "పత్తి ట్రాక్టరెక్కి వచ్చిందంట. గుర్తు కోసం సంతకం జేస్తున్నట్టుంది."

మూడు దాటింది. ఎన్నికల అధికారి వరండాలోకి వచ్చి కాగితం చదివాడు.

"రేగులగుంపు సర్పంచి పదవికి ఒక అభ్యర్థి నామినేషన్ వెనక్కి తీసుకున్నందున, కన్నమ్మ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు."

డప్పులవాళ్లకు ఏం అర్థమైందో, గట్టిగా వాయించడం మొదలుపెట్టారు.

"ఆపండ్రా!" వెంకటరామారావు కుర్చీ తన్నేసి లేచాడు. గ్రామసభ, భూములు, జామాయిల్ తోటలు ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి. "ఎవరండీ బలవంతం చేసింది? ఎంతిచ్చి కొన్నారు దాన్ని?"

"ఎవరూ లేరండీ. రెండుసార్లు అడిగాను. తన ఇష్టమేనని స్వయంగా రాసిచ్చింది."

"రాసిచ్చిందా? దానికి రాయడం కూడా వచ్చా?"

"టెన్త్ పాసయింది సార్" అని గొణిగాడు మంగీలాల్.

"ఏదిరా ఆ దుర్గ? ఎక్కడ చచ్చింది? నాకు చూపించు, అంతు చూస్తా!"

మంగీలాల్ వరండా వైపు చెయ్యి చాపాడు.

తాపీగా మెట్లు దిగి వస్తున్న ఆ దుర్గ, వాగులో ఆయన కారును ఒడ్డెక్కించిన మనిషి.