దింపి, మళ్ళీ ఎత్తడం

ఎవరి ఒంటికి తగ్గ కసరత్తు వాళ్ళకే ఇవ్వాలని, రుజువు లేనిదే ఒక్క కిలో కూడా పెంచకూడదని కోచ్ పరాంకుశం ముప్పయ్యేళ్ళు జిమ్ముల వాళ్ళతో తగువులాడాడు. ఇప్పుడా పని అందరి ముంజేతి పట్టీలే చేస్తున్నాయి. రేపు మోయబోయే బరువేమిటో ముందే కనిపెట్టి, ఒంటిని ఇవాళే సిద్ధం చేస్తాయవి.

అందుకే, పొద్దున్నే అపార్టుమెంటు ఆవరణలో నలుగురు ఒకే కసరత్తు చేస్తుంటే ఆయనకి ఒళ్ళు మండింది. ఇసుక మూటలు కట్టిన వెదురు నిచ్చెనని భుజాలకెత్తుకుని, చెప్పుల్లేకుండా నెమ్మదిగా నడుస్తున్నారు.

"నలుగురికీ ఒకటే కసరత్తేంటయ్యా, సత్తిబాబూ?"

"ఏమోనండి! వారం నుంచి మా పట్టీలన్నీ ఇదే చెబుతున్నాయండి. డెబ్బై ఒక్క కిలోలంట. సగం దూరంలో దింపి, కాసేపాగి, మళ్ళీ ఎత్తాలంట."

పరాంకుశం ఆ వెదురు నిచ్చెన వంక చూశాడు. పాడెని అలాగే సగం దారిలో దింపుతారు, పోయినవాడి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలవడానికి. పొద్దున తను చూసుకున్న బరువు డెబ్బై ఒకటి.

"మీకేం ఇచ్చిందండీ మీ పట్టీ?" అనడిగాడు సత్తిబాబు.

పరాంకుశం చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.

"వారం నుంచీ విశ్రాంతేనయ్యా."