కిటికీ గట్టు మీది గిన్నె

"ఈ గిన్నె మీద ఏటి రాసుంది?" అడిగాడు కెన్నీ.

స్టీలు గిన్నె అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు. సగం అరిగిపోయాయి.

"ఉర్దూ అనుకుంటన్నాను," అంది అక్సా, అందులో వేడి వేడి కిచిడీ వేస్తూ.

"యెనక సందులో ఎవర్నడిగినా సదివి సెప్తారు కదా?"

"వద్దు. తెలిసిపోతే ఇంక భయం ఏటుంటాది?"

భయపెట్టడమే అక్సా పని. కూర్చుని చూసే నాటకాలు కావవి, జనం లోపలికొచ్చి తామే పాత్రలై ఆడే ఆటలు. దెయ్యాలు పాడుబడ్డ బంగళాల్లో ఉంటాయంటే ఆమె ఒప్పుకోదు. కాలనీ ఇళ్ళలో, కుక్కరు కూతల మధ్య, పక్కింటావిడ గోడ మీంచి అందించే కూరలో ఉంటాయంటుంది.

గాజువాక దాటాక, స్టీల్‌ప్లాంటు దారిలో తండ్రి కట్టించిన ఇల్లు ఖాళీగా ఉంటే అక్కడే ఆట పెట్టింది. వచ్చినవాళ్ళు ఆ ఇంటి మనుషులై భోజనానికి కూర్చుంటారు. పప్పు, వేపుడు, పులుసు అయ్యేసరికి వంటింటి కిటికీలోంచి ఒక చెయ్యి వచ్చి, గట్టు మీద గిన్నె పెట్టి పోతుంది. ఆ చెయ్యి కెన్నీది. ఆ తర్వాత ఎవరికీ ముద్ద దిగదు.

ఈ కథ సగం జరిగిందే. హుద్‌హుద్ తుపానప్పుడు అక్సా చిన్నపిల్ల. ఆ ఇంట్లోకి అప్పుడే దిగారు, చుట్టుపక్కల ఎవరూ తెలీదు. తండ్రి డ్యూటీలో చిక్కుకుపోయాడు. తల్లి జ్వరంతో లేవలేకపోయింది. చీకట్లో, అద్దం పగిలిన కిటికీలోంచి ఒక ముడతల చెయ్యి వచ్చి ఈ గిన్నే పెట్టిపోయింది.

అక్సా హడలిపోయింది. అయినా ఆకలికి ఆగలేక తినేసింది.

పైరేకులు లేచిపోయిన ఆ ఇంటికి తాళం వేసి వాళ్ళు వెంటనే వెళ్ళిపోయారు. గిన్నె ఎవరిదో తెలియలేదు. తెలిస్తే ఖాళీగా ఇవ్వకూడదని, ఏదైనా చేసి అందులో పెట్టి ఇవ్వాలని తల్లి చాలాకాలం అంటూనే ఉండేది.

ఆట కోసం అక్సా చిన్న మార్పు చేసింది. కిచిడీ తిన్న పాప ఆ రాత్రే చచ్చిపోతుంది.

ఆ మార్పుతో ఆట పేరు ఊరంతా పాకింది. కాలనీ పిల్లలు కూడా ఆ కథే చెప్పుకుని జడుసుకునేవారు.

ఆ సాయంత్రం రుషికొండలోని ఒక కంపెనీ నుంచి మోహన్ అనే ఆఫీసరు తనవాళ్ళని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ళకి నచ్చితే ఏడాది పొడుగునా పనే. నచ్చకపోతే ఆటలు కట్టిపెట్టి, తండ్రి పోరుతున్న బ్యాంకు పరీక్ష రాసుకోవాలి.

కిటికీలో చెయ్యి వచ్చింది. కేకలు లేచాయి. మోహన్ గిన్నె చేతిలో ఉండగానే వాకిట్లోకి పరిగెత్తాడు, వెనకే అందరూ.

గేటు దగ్గర ఒక ముసలామె నిలబడి ఉంది.

కేకలు విని గొడవ పెట్టుకోవడానికే వచ్చిందనుకుంది అక్సా. "ఏటి కావాలి మామ్మా?"

ముసలామె గిన్నె వంకే చూస్తోంది.

"పిల్లలు సెప్పుకుంతన్నారమ్మా... ఆ కిటికీలో కిచిడీ తిన్న పాప... నిజంగానే సచ్చిపోయిందేటి?"

వెనక అందరూ దగ్గరికి జరిగారు. ఇదీ ఆటలో భాగమే అనుకుంటున్నారు. అక్సా నిజం చెప్పబోయింది. మెరుస్తున్న మోహన్ కళ్ళు చూసింది.

గొంతు తగ్గించి, "సచ్చిపోయింది మామ్మా. ఆ రాత్రే," అంది.

ముసలామె గేటు కమ్మీ పట్టుకుంది.

"కిచిడీ వల్లేనా?"

"కిచిడీ వల్లే."

ముసలామె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. గోడ పట్టుకుని నడుస్తూ సందులోకి వెళ్ళిపోయింది.

చప్పట్లు మోగాయి.

"ఎక్కడ పట్టారండీ ఆవిణ్ణి? నిజంగా ఏడ్చేసింది!" అన్నాడు మోహన్.

"మా ఆర్టిస్టేనండి," అంది అక్సా.

అన్నాక సిగ్గేసింది. రేపు వెళ్ళి నిజం చెప్పేద్దాం అనుకుంది. ఆ రేపు పనుల్లో పడి వాయిదా పడింది. పడిందేమిటి, వెళ్ళడానికి మొహం చెల్లక తనే వాయిదా వేసుకుంది.

కొన్ని వారాలకి కంపెనీవాళ్ళు ఆటలు ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. ఆ ముసలామె ఉండి తీరాలి.

అక్సా వెనక సందులోకి వెళ్ళింది. ఎలా పట్టుకోవాలో చూపించడానికి గిన్నె కూడా తీసుకెళ్ళింది. క్షమించమనాలి, ఆటలోకి రమ్మనాలి. ఏది ముందో తేల్చుకోలేకపోయింది.

ఆనవాళ్ళు చెబితే ఒక ఇల్లు చూపించారు. తలుపు తీసిన అమ్మాయి పేరు సమీనా. గిన్నె కనబడగానే రెండు చేతులా అందుకుని, చుక్కల మీద వేలు పెట్టి చదివింది.

"జైతూన్ బీ! మా దాదీ గిన్నె ఇది. తుపాన్లో ఎవరికో పెట్టేసొచ్చిందట. మీకెక్కడ దొరికిందండి?"

అక్సా గుమ్మంలోంచి లోపలికి చూసింది.

"దాదీ... ఉన్నారా?"

"మొన్న శుక్రవారం పోయింది." సమీనా ఖాళీ గిన్నెలోకి చూసి, కొంగుతో తుడిచింది. "ఆమె సేతి కూడు తినని ఇల్లు ఈ సందులో లేదండి. ఆకర్న పొయ్యి కాడికే ఎల్లలేదు. పెట్టినా తినలేదు. నా కిచిడీ తిని పసిబిడ్డ సచ్చిపోయింది, నాకింక అన్నం ఎందుకనేది."

అక్సా తలుపు చట్రం పట్టుకుంది.

"గేటు కాడ ఎవరో సెప్పారంట, అదే నమ్మేసింది," అంది సమీనా. "ఆ పాప బతికే ఉందని ఒక్కరొచ్చి సెప్పినా, నాలుగు ముద్దలు తినే పోయేదండి."