పాలు పోసిన ఇల్లు

రాయదుర్గం పక్క ఊళ్లు ఇసుకలో కూరుకుపోయాక మాకు చెదపుట్టల్లాంటి ఇళ్లు కట్టించారు. వాటి గోడలకు ప్రాణం ఉంటుంది. కన్నాలతో గాలి పీల్చి ఇంటిని చల్లగా ఉంచుతాయి. కన్నంలో పాలు పడితే గోడ కుళ్లుతుంది, ఇల్లు పొయ్యిలా కాలుతుంది.

నిరుడు నాగుల చవితికి నా భార్య తిప్పమ్మ, వేరే పుట్ట ఎక్కడా మిగలక, మా ఇంటి కన్నంలోనే పాలు పోసింది. చనిపోయిన నా తమ్ముడి భార్య సుంకమ్మది పక్కిల్లు. కుళ్లు తన గోడకు అంటుతుందని తిప్పమ్మను గడప తొక్కనివ్వలేదు. నేను కూలికి దూరం వెళ్లి ఉండగా, మూడో రోజు తిప్పమ్మ వేడికి పోయింది. తర్వాత నాకు కొత్త ఇల్లు ఇచ్చారు.

ఈ చవితికి సుంకమ్మ కూడా తన ఇంటికి పాలు పోసింది. మర్నాడు మధ్యాహ్నం బొబ్బలెక్కిన కాళ్లతో నా వాకిట్లో నిలబడింది.

“బావా, లోపలికి రానీ. చచ్చిపోతా.”

“అంతా తెలిసి ఎందుకు పోస్తివి?”

“చెవిలో చీము పట్టె. నాగప్ప కోపమనుకుంటి.”

“ఇప్పుడు చెవి బాగైందా?”

“ఎగతాళి చెయ్యాకు బావా. అక్క ఉండింటే నన్ను లోపలికి పిల్చేది.”

“పిల్చేది. నువ్వే ఉండనియ్యలేదు,” అని తలుపేశాను.